గుమ్మం గుమ్మానికీ సె లా వీ

జీవరాజు గారు రోజూ తెల్లవారగానే కాలవ గట్టు మీదికి వచ్చి, తలగుడ్డ సవరించుకుని, తూర్పుకు తిరిగి, రెండు భుజాలూ చెవులకు తగిలేదాకా ఎగరేసి, 'సె లా వీ' అని ఒక్క కేక పెట్టేవారు. అది వినబడితేనే మా పాలెంలో తెల్లవారినట్టు. అంతకుముందు కోడి కూసినా ఎవరూ లెక్కచేసేవారు కాదు. అసలు మా కోళ్ళు కూడా ఆ కేక విన్నాకే కూసేవని చాలామంది అభిప్రాయం.

ఆ మాట తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు. ఫ్రెంచివారి మాట. మావైపు పెద్దవాళ్ళు వాళ్ళని పరాసులనేవారు. చుట్టూ ఇంగ్లీషు దొరతనం ఉన్నా యానాంలో మాత్రం పరాసుల జెండా ఎగిరేది. జీవరాజు గారు పడుచువయసులో ఆ యానాంలో ఒక పరాసు దొర వంటింట్లో గిన్నెలు కడిగారు. రామచంద్రపురం దగ్గర కాలవ పక్కనున్న మా పాలేనికి ఆయన తిరిగి వచ్చిన రోజున చుట్టాలంతా మూట చుట్టూ చేరారట.

"ఏం తెచ్చావురా పరాసుల దగ్గర్నించి?"

"మాట తెచ్చానండి."

"ఎన్ని?"

"ఒకటేనండి. బరువైంది తెచ్చుకుంటే మొయ్యాలి కదండీ."

ఆ ఒక్క మాటనే ఆయన ముప్పై ఏళ్ళకు పైగా వాడారు. నేను మిషను వాళ్ళ బడికి పంతులుగా ఆ పాలెం వెళ్ళేసరికి మాటా కొత్తగానే ఉంది, ఆయన ఉత్సాహమూ కొత్తగానే ఉంది. కాకి వచ్చి ఎండుచేప ఎత్తుకుపోతే సె లా వీ. ఆ కాకి దాన్ని జారవిడిస్తే సె లా వీ. వాన పడితే, పడకపోతే, పడి ఆగితే కూడా అదే. చిట్టియ్య అని పడవ నడిపే కుర్రాడి పెళ్ళిలో పాదిరిగారు దీవెన చెప్పి కూర్చోగానే, జీవరాజు గారు లేచి పెళ్ళికొడుకు భుజం తట్టి "సె లా వీ" అన్నారు. ఆడపిల్లవారు కాకినాడ వైపు వాళ్ళు. అర్థం అడిగారు.

"బతుకంటే ఇంతేనండి, అని అర్థం," అన్నారు జీవరాజు గారు, దాచుకోవడం తెలియక.

పెళ్ళికూతురి తండ్రి చిట్టియ్యను కిందినుంచి పైదాకా ఇంకోసారి చూసుకున్నాడు. పెళ్ళి అయిపోయింది గనక సరిపోయింది.

ఆ మాట ఆయనకు ఎలా దొరికిందో ఆయన నోటనే వినాలి. "ఆవేళ దొరగారింట్లో పెద్ద విందండి. దొరసానమ్మ పుట్టింటి నించి తెచ్చుకున్న పింగాణీ గిన్నె, ఇంత పొడుగు, మూతతో సహా. దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టమన్నారు. తీసుకెళ్ళానండి. బల్ల ఇంకా నాలుగడుగులుందనగా కింద పెట్టేశానండి."

"పెట్టారా, పడిందా?"

"పెట్టే ఉద్దేశం నాది, పడే ఉద్దేశం గిన్నెదండి. నేను గోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాను. దెబ్బ ఎటువైపు నించి వస్తుందో తెలీదు కదండీ. ఎంతసేపటికీ రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే దొరగారు ఇలా భుజాలెగరేసి, 'సె లా వీ' అని, వంటకుండ లోంచే చారు వడ్డించమన్నారండి. అందరూ నవ్వుకుంటా తిన్నారు. అప్పుడే అనుకున్నాను, దెబ్బని గాల్లోనే ఆపేసే మాట ఇది, దీన్ని ఇక్కడే ఒదిలేసి పోకూడదు అని."

మాటకు కాళ్ళున్నట్టుంది, పాలెం దాటి నడిచింది. కాలవలో ఎదురునీటికి పడవ లాగే తాళ్ళవాళ్ళు తమ పాట చివర దాన్ని తగిలించుకున్నారు. ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు తాడు బిగించి "సె లా వీ" అని ఒక్క అంగ వేసేవారు. ఊడుపుల్లో ఆడవాళ్ళు కూడా నాటుకు నాటుకు మధ్య అందుకున్నారు. ద్రాక్షారామం తీర్థంలో తోలుబొమ్మలాట వాడికి ఇది ఎవరు మోశారో గానీ, ఆ ఏడు హాస్యగాడి బొమ్మ పెళ్ళాం చేతి రోకటిపోటు తిని కిందపడి, లేచి, భుజాలెగరేసి "సె లా వీ" అంది. తీర్థమంతా ఒకటే నవ్వు. జీవరాజు గారు ఆ రాత్రి బొమ్మ దగ్గరికి వెళ్ళి, "భుజాలు ఇంకొంచెం పైకి రావాలయ్యా," అని చెప్పి వచ్చారు.

కాలవ అవతలి రైతు అప్పాజీ గారైతే తన బండి ఎద్దుకు ఆ పేరే పెట్టారు. అది నడిరోడ్డు మీద కూలబడే రకం. "సెలావీ, లేవరా," అని ఆయన బతిమాలుతుంటే జీవరాజు గారు మురిసిపోయేవారు. "నా మాటకి జీవం వచ్చిందండి మేష్టారూ. మేత కూడా తింటంది."

ఇక అసలు సంగతి. మా క్రైస్తవ సంఘంలో గుప్పెడు బియ్యం అనే పద్ధతి ఉండేది. ఇల్లాలు పొద్దున్నే ఎసరు పెట్టి, వండడానికి బియ్యం కొలుచుకోగానే, అందులోంచి ఒక గుప్పెడు దేవుడికని తీస్తుంది. గుప్పిలి మూసే ఉంచి, గుమ్మంలోకి వచ్చిన మనిషికి ఇస్తుంది. ప్రార్థన గుడి దీపానికి చమురూ, మంచాన పడ్డవాళ్ళకు జావా, పిల్లలకు అక్షరాలు చెప్పే నాకు కూడూ ఆ గుప్పిళ్ళలోంచే వచ్చేవి. రోజూ ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగు చేసే పని జీవరాజు గారిది. ఆయనకు చదువు రాదు, కీర్తన ఎత్తుకుంటే పక్కవాళ్ళు మానేసేవాళ్ళు. ఆయన ఇల్లాలు ముందే ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది. దేవుడి పనిలో తనకు దొరికిన వంతు అదొక్కటేనని ఆయన దాన్ని ప్రాణంలా చూసుకునేవారు.

మొదట్లో బియ్యం గోనెసంచిలో పోసేవారు. దాన్ని ఎలకలు కొట్టేస్తుండేవి. బడి చూడడానికి వచ్చిన మిషను దొరగారొకరు ఆ సంగతి విని, పాత కిరసనాయిలు డబ్బా ఒకటి బాగా కడిగించి, పైన గుప్పిలి పట్టేంత కన్నం పెట్టించి, భుజాన వేసుకోవడానికి తోలుపట్టీ కూడా కుట్టించి పంపారు. ఎలకల పీడ విరగడైంది. కొత్త పీడ ఒకటి మొదలైంది. ఆ డబ్బాలో నాలుగు గింజలు పడితే చాలు, వీధి వీధంతా వినబడేది. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు వాన చినుకులు విన్నట్టు వినేవారు.

"మరియమ్మ గారిది ఇవాళ బాగా కురిసింది."

"నిన్నటి మీద తక్కువే."

డబ్బా వచ్చిన వారానికే జీవరాజు గారికి పిచ్చి ముదిరిందని అందరం అనుకున్నాం. అప్పటిదాకా గట్టు మీద ఒక్క కేకతో సరిపెట్టుకునే మనిషి, గుమ్మం గుమ్మానికీ మొదలుపెట్టారు. ఇల్లాలి చెయ్యి డబ్బా కన్నంలోకి వెళ్ళీ వెళ్ళగానే గట్టిగా కళ్ళు మూసుకుని, ముఖం ఆకాశానికి ఎత్తి, "సె లా... వీ...". కుక్కలు లేచేవి. పిల్లలు వెనకాల నడుస్తూ భుజాలెగరేసేవారు. నేనూ నవ్వుకున్నవాణ్ణే.

మా సంఘ పెద్ద రాజరత్నం గారు కాలవ పనుల మేస్త్రీ, శాంతమూర్తి. ఎవరేమన్నా "నిజమే" అనడం ఆయన స్వభావం. ఆయన భార్య సంపూర్ణమ్మ గారివి భక్తి, శుభ్రం, గొంతు, మూడూ పెద్దవే. ఆమె కీర్తన ఎత్తుకుంటే కాలవ అవతల అప్పాజీ గారి గేదెలు తలలెత్తేవి. ఆ ఏడు కూతురు పురిటికి వచ్చి ఆడపిల్లను కంది. బేబి అని పిలుచుకునేవాళ్ళు. ఆ బేబి పొద్దుటిపూట నిద్రపోయే వేళా, జీవరాజు గారు వాళ్ళ గుమ్మంలో ఆకాశానికి ముఖం ఎత్తే వేళా ఒకటే.

ఆదివారం ఆరాధన అయ్యాక సంపూర్ణమ్మ గారు లేచారు.

"పురిటి మంచం దగ్గర ఆ కేకలేంటండి? పసిది ఉలిక్కిపడి లేస్తంది. పోనీ మంచి మాటా అంటే అదీ కాదు. బియ్యం పెట్టిన చేతిని దీవించాలి గానీ, బతుకంటే ఇంతే అంటారా? ఇంతేనని మాకు తెలవదా?"

"నిజమే," అన్నారు రాజరత్నం గారు.

జీవరాజు గారు లేచి చేతులు కట్టుకున్నారు. "తప్పేనండి. గట్టు మీది కేక రేపట్నించి మానేస్తానండి. గుమ్మాల దగ్గరది మాత్రం మానలేనండి."

"గట్టు మీదది ఎవరు మానమన్నారు? అది ఉంచుకోండి. గుమ్మాల దగ్గరదే మానండి."

"అది కుదరదండి."

"పోనీ మా ఒక్క గుమ్మంలో మానండి."

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు. "ఒక్క గుమ్మంలో మానితే అన్ని గుమ్మాల్లోనూ మానినట్టేనండి చెల్లెమ్మగారూ."

"ఇదేం లెక్క అన్నయ్యగారూ? ఎందుకు కుదరదో చెప్పండి."

జీవరాజు గారి భుజాలు మెల్లగా లేచాయి. అవి చెవులను చేరకముందే గుడిలో నవ్వు మొదలైంది. సంపూర్ణమ్మ గారికి మాత్రం నవ్వు రాలేదు. కేక మానడమా, డబ్బా ఒప్పగించడమా, రెంట్లో ఒకటి తేల్చమన్నారు. పెద్దలంతా అదే న్యాయమన్నారు. రాజరత్నం గారు నిజమే అన్నారు.

ఆ డబ్బా లేకపోతే ఆ మనిషికి పొద్దున లేచి ఏం చెయ్యాలో కూడా తెలియదని అక్కడున్న అందరికీ తెలుసు. పిచ్చిమాట కదా, వదిలేసి డబ్బా ఉంచుకుంటారనే నేననుకున్నాను. ఆయన ఇంటికి వెళ్ళి డబ్బా తెచ్చారు. తోలుపట్టీని పైపంచెతో తుడిచి, సంపూర్ణమ్మ గారి ముందు పెట్టారు. తరవాత నా దగ్గరికి వచ్చి, "మేష్టారండి, రేపు మీరు కూడా వెళ్ళండి. బరువుగా ఉంటది, పాపం ఆవిడ ఒక్కరే మొయ్యలేరు," అన్నారు.

మర్నాడు గట్టు మీద కేక లేదు. కోళ్ళు తికమకపడ్డాయి. చిట్టియ్య పడవ ఇంకా రేవు వదల్లేదు. ఎండ వచ్చాక కాలవ అవతల అప్పాజీ గారు కనిపించారు.

"ఏమండీ మేష్టారూ, జీవరాజు గానీ పోయాడా ఏంటి?"

"లేదండి, బాగానే ఉన్నారు. కేక మానేశారు."

"అదేంటి? మా పాలేళ్ళింకా పడుకునే ఉన్నారు. ఇంతకీ మీ ఒడ్డున తెల్లారినట్టా లేనట్టా?"

తెల్లారిందని నేను హామీ ఇచ్చాక ఆయన వెళ్ళి పాలేళ్ళను లేపుకున్నారు.

సంపూర్ణమ్మ గారు తెల్లచీర కట్టుకుని బయల్దేరారు. డబ్బా నా భుజాన. మొదటి గుమ్మంలో చెయ్యి కన్నంలోకి వెళ్ళింది, జలజలమని చప్పుడైంది. "దేవుడు దీవించు గాక," అన్నారావిడ నెమ్మదిగా. రెండో గుమ్మం, జలజల. "చూశారా మేష్టారూ, ఎంత పద్ధతిగా ఉందో," అన్నారు నాతో. నిజంగా పద్ధతిగానే ఉంది. అంత నిశ్శబ్దంగా ఉంటే డబ్బాలో ఏ గింజ దేనిమీద పడిందో కూడా తెలుస్తోంది. అరుగుల మీద చెవులన్నీ మావైపే ఉన్నాయి.

మూడోదో నాలుగోదో, ఏసమ్మ గుమ్మం. భర్త పోయాక కూలికి వెళ్ళి పిల్లల్ని సాకుకునే మనిషి. ఆ ఊడుపుల కాలమంతా చలిజ్వరంతో పడుకుని అప్పుడప్పుడే తిరుగుతోంది. గుప్పిలి మూసి వచ్చింది. డబ్బా కన్నంలో చెయ్యి పెట్టింది. పెట్టి, అలాగే నిలబడిపోయింది.

"వెయ్యవే ఏసమ్మా," అన్నారు సంపూర్ణమ్మ గారు.

ఏసమ్మ వెయ్యలేదు, చెయ్యి తియ్యనూ లేదు. డబ్బా మోసే మనిషి ముఖం వైపు, అంటే నా ముఖం వైపు, దేనికోసమో చూస్తోంది. కళ్ళలో నీళ్ళేమీ లేవు గానీ పెదవులు ఎండిపోయాయి.

ఎదురింటి అరుగు మీంచి అప్పాయమ్మ మెడ చాచింది. "ఏంటే, చెయ్యి డబ్బాలో మర్చిపోయావా? ఇవాళ ఇంకా చప్పుడే అవలేదు."

సంపూర్ణమ్మ గారు ఏదో అనబోయి ఆగారు. ఏసమ్మ భుజం మీదుగా ఆవిడ చూపు లోపలికి వెళ్ళింది. నేనూ చూశాను. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. కుండ బోర్లించి ఉంది. ఎసరే లేని ఇంట్లో గుప్పెడు ఎక్కడిది? ఆ మూసిన గుప్పిట్లో గాలి తప్ప ఏమీ లేదు. అది విప్పడానికి ఆ మనిషికి ఒక కేక కావాలి. రోజూ జీవరాజు గారు ఎవరూ అడక్కుండానే ఇచ్చే కేక.

మరుక్షణం నా చెవి పక్కన పిడుగు పడింది.

"సె... లా... వీ..."

సంపూర్ణమ్మ గారు కళ్ళు గట్టిగా మూసుకుని, ముఖం ఆకాశానికి ఎత్తి, రెండు భుజాలూ ఎగరేసి అరిచారు. ఆవిడ భుజాలు అలాంటి పనికి అలవాటుపడ్డవి కావు, ఒకటి పైకీ ఒకటి పక్కకీ వెళ్ళాయి. కోళ్ళన్నీ ఒక్కసారి కూశాయి. కాలవలో చిట్టియ్య పడవ కదిలింది. అవతలి గట్టు మీద ఎద్దు తన పేరు విని కూలబడిందని అప్పాజీ గారు తరవాత చెప్పారు. ఆ మోతలో ఏసమ్మ గుప్పిలి విప్పి, చెయ్యి బయటికి తీసుకుని, పైట సర్దుకుని లోపలికి వెళ్ళింది. అప్పాయమ్మ అరుగు మీంచి పడబోయి నిలదొక్కుకుంది.

"ఏంటి వదినా, నీక్కూడా పట్టుకుందా?"

"పట్టుకుంది," అన్నారు సంపూర్ణమ్మ గారు, అదే ముఖంతో. "నువ్వు గుప్పిలి తీసుకునిరా."

అక్కణ్నుంచి ఒక్క గుమ్మం కూడా వదల్లేదు. ఉన్నవాళ్ళ గుమ్మం, లేనివాళ్ళ గుమ్మం, అన్నింట్లోనూ అదే కేక. ఏ గుప్పిట్లోంచి ఏం పడిందో భుజాన మోసిన నాకే వినబడలేదు. ఆఖరికి తమ గుమ్మానికి వచ్చి అక్కడా అరిచారు. ఊయలలో బేబి కళ్ళు తెరిచి, అమ్మమ్మ ముఖం చూసి, బోసినోటితో నవ్వింది. రాజరత్నం గారు బయటికి వచ్చి భార్యను తేరిపార చూశారు.

"బతుకంటే ఇంతేనండి," అన్నారావిడ.

"నిజమే," అన్నారాయన.

మధ్యాహ్నం కాకముందే ఏసమ్మకు కబురు వెళ్ళింది. పురిటింట్లో వడ్లు దంపే దిక్కులేదు, వెంటనే రమ్మని. ఆ దంపుడు చాలా రోజులే సాగింది. ఆ ఇంట్లో అన్ని వడ్లున్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

సాయంత్రం ఎండ తగ్గాక సంపూర్ణమ్మ గారు డబ్బా నాచేత మోయించుకుని జీవరాజు గారింటికి వెళ్ళారు. రాజరత్నం గారూ వెంట వచ్చారు. జీవరాజు గారు గట్టు మీద కూర్చుని ఇసకతో కుండ తోముతున్నారు. అది అప్పటికే తళతళలాడుతోంది, అయినా తోముతున్నారు. చేతికి వేరే పని లేదు మరి. ఆవిడ డబ్బా ఆయన పక్కన పెట్టారు.

"అన్నయ్యగారూ, అడుగున ఒక గుడ్డ వేసుకుంటే పోయేది కదండీ. చప్పుడే ఉండేది కాదు."

"వేద్దామనే అనుకున్నానండి. వేస్తే, ఎందుకేశావని అడుగుతారు కదండీ. పిచ్చోడి కేకని ఎందుకని ఎవరూ అడగరు."

"నేను అడిగాను కదా."

"మీరడిగితే చెప్పలేకపోయానండి. చెప్తే అందరూ వింటారు కదా."

సంపూర్ణమ్మ గారు గట్టు మీదే కూర్చున్నారు. తెల్లచీరకు మట్టి అంటుతుందని కూడా చూసుకోలేదు. "పోనీ, ఎవరెవరి గుప్పిళ్ళు ఖాళీవో నాకొక్కదానికీ చెప్పండి."

"నాకు తెలవదండి. అందుకే కదా కళ్ళు మూసుకునేది."

నీళ్ళలో ఒక చేప ఎగిరింది. జీవరాజు గారు డబ్బా దగ్గరికి లాక్కుని, తోలుపట్టీ మెలిక తీశారు. అంతలో దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గి, ఊపిరి అందాక అన్నారు.

"చెల్లెమ్మగారూ, మీరు నాకొక సాయం చేసిపెట్టాలండి."

"చెప్పండి అన్నయ్యగారూ."

"ఈమధ్య ఈ దగ్గుతో మాట సగంలో తెగిపోతందండి. తెగినచోట డబ్బా చప్పుడు బయటపడిపోతంది. ఇవాళ మీ కేక విన్నాను. ఇక్కడ కూర్చున్నా ఒళ్ళు జల్లుమంది. యానాం దొరగారు కూడా అంత బాగా అనలేదండి. డబ్బా నేనే మోస్తాను. రోజూ నాతో వచ్చి కేక మీరు వేసిపెట్టాలి."

"వేస్తాను."

"నిజమే," అన్నారు రాజరత్నం గారు.

"ఇంకొక్కటండి. భుజాల సంగతి నెమ్మదిగా వస్తది, దానికి తొందర లేదు. చివర 'వీ' ఉంది చూశారా, దాన్ని మాత్రం కాస్త సాగదీసి పెట్టండి. నిండు గుప్పిలి ఖాళీ అవడానికి కొంచెం సేపు పడతదండి."